సిగ్నల్ పెట్టె

తమ్ముడు బదిలీ మీద వెళ్తూ బ్యాగు సర్దుకుంటున్నాడు. పడవతో మైకులో మాట్లాడే నా రేడియోలో, సముద్రం మీదున్న మా ఆయన రోజూలాగే పలికాడు. "బాగున్నాను. నువ్వు వేళకి తిను, పిచ్చి..."

బస్సు తొందరలో తమ్ముడు తన సిగ్నల్ పెట్టె ప్లగ్గు లాగేశాడు. ఆయన గొంతు మధ్యలోనే ఆగిపోయింది.

"అది సిగ్నళ్లు వినే పెట్టె అన్నావుగా?"

"కాదక్కా, పుట్టించేది. అవి బావ పాత రికార్డింగులు. నిజం తెలిస్తే నువ్వు బతకవని..."

"మరి ఈ నాలుగు నెలలూ నేను మైకులో చెప్పుకున్నవి? మొగుడికి చెప్పుకునే మాటలు రా అవి! ఎవరు విన్నారు?"

వాడు తల దించుకుని బ్యాగు జిప్పు లాగాడు. "నేనే."

మా ఆయన తిరిగి రాలేదు. ఆయన పడవ జనవరి పదకొండున మునిగింది. నాకు మే నెలలో తెలిసింది.