గొలుసు పని చెయ్యని కొలిమి

పెద్ద వరద వచ్చి అది ఎనభయ్యో ఏడు.

"గొలుసు పని చెయ్యనమ్మా," అన్నాడు కమ్మరి, తలెత్తకుండానే.

టీచరమ్మ కదల్లేదు. ఏటి అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. భుజాన సంచి బరువుగా ఉంది.

"ఒక్క లంకె వేస్తే చాలు బాబాయ్. మా నాన్నకి తాత, ఆయన పడవ గొలుసిది. కొత్త వంతెనకి ఆయన పేరు పెట్టించాలని తిరుగుతున్నాం. దీన్ని అక్కడ వేలాడదీస్తాం."

కమ్మరి భార్య నీళ్ళ చెంబు తెచ్చింది. "వస్తూనే వరస కలిపేశావే! తలుపులకి బందులు, గడియలు, పారలు, ఏదడిగినా చేస్తాడు. గొలుసు మాత్రం ముట్టడు. ఊరందరికీ తెలుసు."

"తెలిసే వచ్చాను పిన్నీ." టీచరమ్మ గొంతు తగ్గింది. "ఆయనదీ మీ తాతదీ ఒకటే పేరట కదా."

సుత్తి ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. తర్వాత పుట్టిన ఏ పిల్లాడికీ పెట్టలేదు. వరదనాడు జనం ఈ రేవులో గొలుసు పట్టుకుని పడవలోకి పాకుతుంటే, తాత ఉలి పెట్టి లంకె కొట్టేశాడు. పట్టుకున్నవాళ్ళందరూ నీళ్ళపాలయ్యారు. పెళ్ళాన్నీ కొడుకునీ ఒడ్డునే వదిలి ఆయన పడవతో పోయాడు. మళ్ళీ ఊరి మొహం చూడలేదు. రేవు గుంజకి మిగిలిన ముక్కని జనం వేలెత్తి చూపిస్తుంటే, ఆ కొడుకు విప్పి తెచ్చి గోనెలో చుట్టి అటకెక్కించాడు. ఆ కొడుక్కి కొడుకే ఈ కమ్మరి. ఇప్పటికీ సంతలో వెనకనుంచి "గొలుసోడు" అంటారు. విననట్టు నడిచిపోతాడు.

"మీ ఒడ్డున ఆ పేరు వింటే ఉమ్మేస్తారట," అంది టీచరమ్మ. "మాకేమో దేవుడు. మాది పై రేవు పడవ. గొలుసు వరదే తెంపిందట. పిల్లల్నీ తల్లుల్నీ పడవనిండా మా ఒడ్డు చేర్చాడు. అక్కడే ఇల్లు కట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు. బతుకంతా పడవే నడిపాడు. ఈ ఒడ్డుకి వచ్చినా దిగేవాడు కాదట, పడవంటే అంత ప్రాణం. అలాంటి మనిషిని..."

"మావాడితో కలిపేస్తున్నారు," అన్నాడు కమ్మరి.

టీచరమ్మ తల దించుకుంది. "వంతెన పేరు తేల్చడానికి రేపు పెట్టిన సభలో మీరొక్క మాట చెప్పాలి బాబాయ్. ఆ పని చేసింది మీ తాతేనని. మావాడు వేరని."

"బాగుందమ్మా సంబడం!" కమ్మరి భార్య చెంబు ఠక్కున కింద పెట్టింది. "మీవాడి మొహం కడగడానికి ఈయన నలుగురిలో బురద పూసుకోవాలా? సంతకే తలొంచుకుపోయే మనిషి!"

"ఊరుకోవే. ఉన్నమాటేగా." కమ్మరి చెవులు ఎర్రబడ్డాయి. "చెప్తాలేమ్మా. రెండు రేవులు, రెండు పడవలు, ఇద్దరు మనుషులు. అంతేగా?"

"అంతే బాబాయ్. అడగడానికి సిగ్గుగానే ఉంది."

"నీకెందుకమ్మా సిగ్గు? అది మా ఇంటి సొత్తు."

ఆవిడ సంచిలోంచి తీసిన గొలుసు అందుకున్నాడు. చివరి లంకె సగమే ఉంది. తెగినచోట నున్నటి అంచుని బొటనవేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఇక్కడ ఉంచి వెళ్ళు. సభకి నేనే పట్టుకొస్తా."

ఆవిడ గుమ్మం దాటగానే భార్య అందుకుంది. "గొలుసు ముట్టనన్నావుగా?"

"మంచివాడి గొలుసేగా," అన్నాడు కమ్మరి.

మర్నాడు పొద్దున్నే కొలిమి రాజెయ్యలేదు. అటకెక్కి గోనె దించాడు. నాయన కట్టిన ముడి వేళ్ళకి రాక పళ్ళతో విప్పాడు. దాగలి దిమ్మ మీద టీచరమ్మ గొలుసు పరిచి, దాని కొసకి తన ముక్క కొస జరిపాడు.

రెండూ ఒకే లంకె సగాలు.