అమ్మ చీర వాసన

"ఆ కాయితం నాకిచ్చీండి టీచరమ్మా. మా షావుకారి సెవిన పడితే రేపట్నించి నన్ను పన్లోకి రానీడు," అంది అప్పలనరసమ్మ.

ఆమె కూతురు రోహిణి పర్యావరణ పోటీకి వ్యాసం రాసింది. బడి పక్కనున్న జీడి కార్ఖానా పొగ గురించి. అప్పలనరసమ్మ అక్కడే జీడిపిక్కలు కాలుస్తుంది.

"ఇచ్చేస్తానమ్మా. ముందొకసారి వినండి," అని సత్యవతి టీచరు చదివింది.

'పొగ వచ్చినప్పుడు తరగతిలో మాకు దగ్గు ఆగదు. మా అమ్మ చీరకూ అదే వాసన. పక్కన పడుకుంటే నాకు ఊపిరాడదు. అందుకే నాన్నమ్మ దగ్గర పడుకుంటున్నాను. అమ్మ బాధపడుతుందని చెప్పలేదు.'

ఆరు నెలలుగా కూతురు దూరంగా పడుకుంటుంటే, పెద్దదైంది కదా, ఇక తల్లి అక్కర్లేదు కాబోలని అప్పలనరసమ్మ లోలోపల నొచ్చుకుంటూ వచ్చింది.

టీచరు కాగితాన్ని బల్ల మీద ఆమె ముందుంచింది. ఆమె తీసుకోలేదు. చీర కొంగు ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

"నాకే వాసనా తెలీట్నేదు టీచరమ్మా," అంది భయంగా.



అప్పలనరసమ్మ లేచి, కాగితాన్ని టీచరు వైపే జరిపింది.

"పంపీండి. ఎవులైనా అడిగితే నా కూతురే రాసిందని నేను సెప్తాను."