ఆడగొంతు

"ఎక్స్‌పీ చాలు," అన్నాడు స్టాన్లీ.

"విస్టానే కావాలి," అంది సుప్రియ.

బెంగళూరు ఎస్.పి. రోడ్డులోని ఆ ఇరుకు దుకాణంలో ఒకే రకం లాప్‌టాప్‌లు రెండు బల్లమీద పక్కపక్కన తెరిచి ఉన్నాయి. ఒకదాంట్లో పాత విండోస్ ఎక్స్‌పీ, రెండోదాంట్లో ఆ ఏడే వచ్చిన విస్టా. ఏదో ఒకటి చెబితే కొత్త పెట్టె విప్పి అదే వేసిస్తానని దుకాణం యజమాని మునిస్వామి ఇందాకటి నుంచీ అంటూనే ఉన్నాడు. మొగుడూ పెళ్ళాలకే తెగడం లేదు.

సోమవారం సుప్రియ గొంతుకు ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. గడ్డ పోతుంది, దాంతోపాటే మాటా పోతుంది. పెద్దవాళ్ళకైతే కాగితం మీద రాసి చూపించవచ్చు. కూతురు కెజియాకు మూడేళ్ళే, ఇంకా అక్షరాలు రావు. అందుకని ఈ లాప్‌టాప్. ఇంగ్లీషు అక్షరాల్లో ఏది కొడితే అది పైకి చదువుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఎక్స్‌పీలో చదివేది మగగొంతు, విస్టాలో ఆడగొంతు.

స్టాన్లీ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. ఈ మెషీన్‌కున్న మెమరీకి విస్టా బరువైపోతుందని, ఏదైనా పాడైతే ఎక్స్‌పీని తనే బాగు చేసుకోగలడని చెప్పుకొచ్చాడు. పాప ఏడుస్తుంటే అది తెరుచుకునేదాకా ఆగమంటావా అని కూడా అడిగాడు.

మునిస్వామి అతని పక్షమే. "సార్ చెప్పేది నిజమే ఉండాది కదమ్మా. ఎక్స్‌పీ అయితే గాలి మాదిరి పోతాది."

వినమని, స్టాన్లీ ఎక్స్‌పీలో పాపను పిలిచే మాట కొట్టాడు. జలుబు చేసిన గుమాస్తా హాజరు పిలిచినట్టు, ఆ మగగొంతు "కెజియా, కమ్ హియర్" అంది. మాట బాగానే తెలుస్తోంది కదా, గొంతు ఏదైతేనేం అన్నాడు స్టాన్లీ.

సుప్రియ గొంతు సవరించుకుంది. ఆమె ఇప్పుడు ఒక్కో మాటనూ అడుగంటిన బావిలోంచి తోడినట్టు తోడుకోవలసి వస్తోంది.

"దాన్ని జోకొట్టి పడుకోబెట్టేది ఈయనా?" అంది బొంగురుగా.

స్టాన్లీ నవ్వబోయి, నవ్వలేక తల దించుకున్నాడు.

ఆమె విస్టా లాప్‌టాప్‌ను ముందుకు లాక్కుంది. ముందు "రామ్మా" అని కొట్టింది. ఆడగొంతు దాన్ని "ర్యామా" అని చదివింది. ఒక అక్షరం తీసి ఇంకొకటి పెట్టింది. ఈసారి "రేమా" అయింది. సుప్రియ నర్సరీ టీచరు, ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడ ఎలా పలుకుతాయో పిల్లల చేత వల్లె వేయించిన మనిషి. మొత్తం చెరిపేసి, ఆర్, యు, ఎమ్ అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, ఎమ్, ఎ అని కొట్టింది.

"రమ్ మా," అంది లాప్‌టాప్ మెత్తగా.

తెరమీద అక్షరాలు చూసేసరికి స్టాన్లీకి నవ్వు ఆగలేదు. "సండే స్కూల్ చెప్పే మనిషివి, పిల్లను రమ్ముతో పిలుస్తావా?"

"పాస్టరుగారికి చెప్పకండి," అంది సుప్రియ.

ఆ తర్వాత ఆమె చేతులు ఆగలేదు. "అన్నం" యు తో మొదలుపెడితేనే అన్నంలా వినిపిస్తుందని కనిపెట్టింది. "బంగారం" మాత్రం ఎన్ని విధాల రాసినా కంగారూలాగే వచ్చింది. పోనీ, దానికి వేరే ముద్దుపేరు వెతుకుదాం అంది. ఆసుపత్రి చీటీ వచ్చిన దగ్గర్నుంచి ఆమె మొహంలో ఇంత వెలుగు స్టాన్లీ చూడలేదు. మెమరీ ఇంకొంచెం పెంచి విస్టానే వేసెయ్యమని మునిస్వామితో చెప్పాడు. రేపు అది మొరాయిస్తే తననేమీ అనగూడదు అని మునిస్వామి ముందే చెప్పుకున్నాడు.

ఒక్కసారి పాప దగ్గర కూడా చూద్దామంది సుప్రియ.

కెజియా గడప దగ్గర కూర్చుని, పెట్టెలోంచి వచ్చిన బుడగల ప్లాస్టిక్‌ను పట్ పట్‌మని నొక్కుకుంటోంది. సుప్రియ లాప్‌టాప్‌ను అటు తిప్పి, వెనకే స్టూలు మీద కూర్చుని, పెదవులు బిగించి మీట నొక్కింది.

"కెజియా, రమ్ మా."

పాప తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. పెదవులు కదలడం లేదు. అర్థం కానట్టు అలాగే ఉండిపోయింది. సుప్రియ మళ్ళీ నొక్కింది.

"కెజియా, రమ్ మా."

పాప ప్లాస్టిక్‌ను వదిలేసి లేచింది. సుప్రియ చేతులు చాచింది. పాప ఆ చేతుల్ని దాటుకుని బల్ల దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద నిక్కి, తెరకు మొహం ఆనించింది.

"వచ్చానమ్మా," అంది తెరతో.

స్టాన్లీ మొహం విప్పారింది. "చూశావా, రెండో పిలుపుకే వచ్చేసింది. నువ్వే గెలిచావు సుప్రియా," అన్నాడు. మునిస్వామి నవ్వుతూ విస్టా డిస్కు చేతిలోకి తీసుకున్నాడు.

సుప్రియ చాచిన చేతుల్ని మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అన్నా, ఆ మగగొంతుదే వేయండి."