నేను పహిల్వాన్‌ని కాదు

అసద్, బడి కుస్తీలో నేను నిన్ను ఓడించానని మా రైస్ మిల్లుకొచ్చి చెప్పి, నా నడుం విరగ్గొట్టావు. బరువు బస్తా కనిపిస్తే చాలు, తోటి హమాలీలు "పహిల్వానన్నా, గిది నీదే" అంటున్నారు. కోటగిరి కుస్తీలకు నా పేరు కూడా రాయించారు.

నేనేం పహిల్వాన్‌ని? ఆ రోజు గోదాలో నా లంగోటి ముడి ఊడింది. రెండు చేతులా దాన్నే పట్టుకుని నిలబడ్డాను. నువ్వొక్క తోపు తోస్తే చిత్తయ్యేవాణ్ణి.

నువ్వే వెల్లకిలా పడి నన్ను మీదికి లాక్కున్నావు. "కదలకురా, నా మీదనే పండు, ఎవ్వనికి కనవడది" అన్నావు. పీటీ సారు నన్ను జిల్లా జట్టుకు తీసుకుని, నిన్ను ఇంటికి పంపాడు.

శుక్రవారంలోగా మిల్లుకొచ్చి, లంగోటి సంగతితో సహా, గెలిచిందెవడో చెప్పు. రాకుంటే శనివారం నేనే చెప్తా.

గంగాధర్