ఆటల్లేని కంప్యూటరు

"ఆటలున్నది మనకెందుకండీ? మనింట్లో ఆడేదెవరు?" అంది దీవెనమ్మ.

కృపానిధి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆడేది తనే. కానీ ఆ మాట అనకాపల్లి మెయిన్ రోడ్డులో, కంప్యూటర్ల కొట్టు మధ్యలో నిలబడి, కట్టుకున్న భార్యతో ఎలా చెప్తాడు? అందులోనూ ఆయన చర్చిలో సంఘపెద్ద. కిందటి నెల ఉజ్జీవ కూటాల్లో మైకు పట్టుకుని, "పేకముక్క దూరిన ఇంట్లో ప్రార్థన నిలవదు" అని గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. పాస్టరు స్టీవెన్ అయ్యగారు పక్క కుర్చీలో కూర్చుని ప్రతి మాటకీ తలూపారు.

అసలు సంగతేమిటంటే, ఆఫీసు కంప్యూటర్లో, మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఒక్కడే కూర్చుని ఆకుపచ్చ తెర మీద ఆడుకునే పేకాట ఆయన ప్రాణానికి అలవాటైపోయింది. డబ్బు పెట్టనిదీ, ఎదుటి మనిషి లేనిదీ పాపమెలా అవుతుందని తనకి తానే తీర్పు చెప్పుకున్నాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆ ఆటని కాస్తా పీకించేశాడు. ఆ మర్నాడే కృపానిధికి ఇంట్లో ఒక కంప్యూటరు చాలా అవసరమని తోచింది. భార్యకి మాత్రం, ఆదివారం పాటలు టైపు చేసుకోవడానికని చెప్పాడు.

కొట్టు యజమాని కన్నబాబు రెండు డబ్బాలు చూపించాడు. "బాబాయ్ గారూ, మిషన్లు రెండూ ఒకటే. దీన్లో విండోసు ఉంటాది. ఆటలూ గట్రా దాంతోపాటే వచ్చేత్తాయి. కాకపోతే దానికి వేరే కట్టాలి. రెండోదాన్లో ఊరికినే దొరికే సాఫ్టువేరు ఎక్కించేను. టైపు కొట్టుకోవచ్చు, పాటలు వినొచ్చు. ఆటలుండవు. మీ అవసరానికి అది సాలు."

"సాలని నువ్వెలా చెప్తావు?"

"పాటలే కదేటి టైపు సేత్తారు?"

"పాటలంటే చిన్న విషయమేటి? రేపు చరణాలు పెరగొచ్చు."

దీవెనమ్మ భర్త మొహంలోకి చూసింది. "చరణాలు పెరిగితే విండోసు కావాలేటి?"

"అది కాదే దీవెనా. కంటికి చల్లగా ఉంటాది. ఆకుపచ్చగా."

"ఏటి ఆకుపచ్చగా?"

"తెర," అన్నాడు కృపానిధి, నాలిక్కరుచుకుని.

కన్నబాబుకి జాలేసింది. "పోనీ, కాపీ సీడీ ఉంది బాబాయ్ గారూ. మీరు టీ తాగొచ్చేలోగా విండోసు ఎక్కించేత్తాను. పైసా ఇవ్వక్కర్లేదు."

కృపానిధి మొహం వెలిగింది.

"దొంగ సీడీయా?" అంది దీవెనమ్మ. "సంఘపెద్ద ఇంట్లోకి దొంగ సరుకు తెత్తారేటండీ? అయ్యగారికి తెలిత్తే ఏటనుకుంటారు?"

వెలిగిన మొహం ఆరిపోయింది. అయినా చివరాఖరికి ఒక రాయి విసిరి చూశాడు. "నాకోసం కాదే. ఎప్పుడైనా నీకు పొద్దుపోకపోతే..."

"నాకు పొద్దెందుకు పోదు? గురువారం గురువారం సుజి ఇంటికెళ్లి, దాని కంప్యూటర్లో పాటలు నేర్సుకోడానికే టైము సాలట్లేదు."

సుజి ఆవిడ చెల్లెలు, గవరపాలెంలో ఉంటుంది. ఇన్ని గురువారాలు వెళ్లొచ్చినా దీవెనమ్మ నోట కొత్త పాట ఒక్కటీ వినపడలేదు. కానీ ఆ సంగతి నిలదీసే స్థితిలో ఇప్పుడు కృపానిధి లేడు.

"ఆటల్లేనిదే ఇయ్యి," అని, పీటల మీద పెళ్లి ఆగిపోయిన పెళ్లికొడుకులా ఆటో కోసం బయటికి నడిచాడు.

బెల్లం మార్కెట్టు వదిలే వేళ కావడంతో ఆటో దొరకడం ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి, కట్టిన డబ్బా మళ్లీ విప్పి ఉంది. కన్నబాబు ముసిముసిగా నవ్వుతూ మిషన్లోంచి సీడీ తీస్తున్నాడు.

"ఏటది?"

"పాటలు బాబాయ్ గారూ. పిన్నిగారు అడిగేరు, ఎక్కించేను."

దీవెనమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

ఆ ఇంట్లో కుక్కరైనా, మంచమైనా, అయ్యగారు ప్రార్థన చెయ్యకుండా వాడరు. ఫ్రిజ్జు కొన్నప్పుడు ఆ ప్రార్థన పూర్తయ్యేసరికి, అందులో పెడదామని పట్టుకున్న పాలు విరిగిపోయాయి. అయినా ఆనవాయితీ ఆనవాయితీయే. సాయంత్రం స్టీవెన్ అయ్యగారు వచ్చారు.

"అమ్మా దీవెనమ్మా, ఆన్ చేసి నువ్వే ముందు కూర్చో. ఇంటి ఇల్లాలివి," అని, ఆవిడ వెనక నిలబడి, చెయ్యి చాపి మానిటరు మీద ఆనించారు. "అందరూ కళ్లు మూసుకోండి."

ప్రార్థన ఆదాముతో మొదలైంది. నోవహు ఓడ ఎక్కేసరికి టిక్కుమని చిన్న చప్పుడు. అబ్రాహాము గుడారం వేసేసరికి మరొకటి. కృపానిధి ఒక కన్ను తెరిచాడు.

దీవెనమ్మ ముసుగు వేసుకుని తల వంచుకునే ఉంది. చెంగు కింద చెయ్యి మాత్రం మౌసు మీద కదులుతోంది. తెరంతా ఆకుపచ్చ. దాని మీద బారులు తీరి పేకముక్కలు.

కృపానిధికి ముందు గుండె ఆగినంత పనైంది. తర్వాత పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు మండింది, ఎందుకంటే దీవెనమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా ఉన్న ఎత్తు ఆవిడకి కనపడటం లేదు. చెబుదామంటే అయ్యగారు పక్కనే ఉన్నారు. ఊరుకుందామంటే నాలుక ఊరుకోవడం లేదు. పళ్ల బిగువున ఆపుకుని, కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు.

మోషే దగ్గర అయ్యగారి గొంతు కాస్త తడబడింది. ఎర్ర సముద్రం దాటకుండానే గబగబా ముగింపులోకి వచ్చేసింది.

"ఈ యంత్రాన్నీ, ఈ ఇంటినీ ఆశీర్వదించు తండ్రీ... ఆ ఆటీను తొమ్మిదిని ఇస్పేటు పది మీదకి లాగు తల్లీ... ఆమెన్."