తీస్తే ఆగని పాట

రంజాన్ పండగకు ఇంకో రెండు రోజులుంది. అర్ధరాత్రి దాటినా, పెనుకొండలోని తన బట్టలు కుట్టే కొట్టులో షట్టర్ సగం దించుకుని నాజ్నీన్ ఒక్కతే జుబ్బాలకు బొత్తాలు కుడుతోంది. చెవుల్లో అన్న ఇయర్‌బడ్స్. నాలుగు నెలల కిందట కొత్తచెరువు దారిలో అన్న బైకుతో సహా బావిలో పడ్డాడు. శవాన్ని తీశారు గానీ అతని ఫోను దొరకలేదు. ఇయర్‌బడ్స్ ఇంట్లో ఉండిపోయాయి.

వాటిని ఆమె ఫోనుకు కలిపిచ్చిన రోజే సెల్ షాపు విజయ్ కుమార్ చెప్పాడు. "నీది వేరే కంపెనీ ఫోనమ్మా. పాట వస్తాది గానీ, చెవిలోంచి తీస్తే ఆగదు. అట్ల ఆగల్లంటే మీ అన్న ఫోనే దగ్గరుండల్ల."

నిజమే, ఎన్నడూ ఆగలేదు. తీసి బల్ల మీద పెట్టినా దోమలా సన్నగా మోగుతూనే ఉండేది.

చెవి దురదపెడితే ఇప్పుడు ఒకటి తీసింది. పాట ఆగిపోయింది.

మళ్లీ పెట్టుకుంది. ఆగిన చోటు నుంచే మొదలైంది. మళ్లీ తీసింది. ఆగింది.

వీధిలో చప్పుడే లేదు. నాజ్నీన్ షట్టర్ వైపు తల తిప్పలేదు. చేతిలో ఉన్న బొత్తం కుట్టడం ముగించి, దారం పంటితో తెంపింది.

"ఫోను దొరికిందా, అన్నా?" అని అడిగింది.