మాట్లాడని మోరి

"గుడ్ మార్నింగ్, మోరి గారూ! ఇవాళ ఎలా ఉన్నారు?"

లాప్‌టాప్ మీద నల్లటి గడి. జవాబు లేదు.

అమెరికాలోని బాతెల్‌లో సాయంత్రం నాలుగు. జపాన్‌లో మర్నాటి ఉదయం ఎనిమిది. వాకిన్ క్లోజెట్‌లో, వేలాడే చలికోట్ల మధ్య కూర్చుని నమ్రత ఇంగ్లిష్ పాఠం చెబుతోంది.

"ఒక్క వాక్యం మాట్లాడండి. తప్పులైనా పర్లేదు."

చాట్‌లో అక్షరాలు వచ్చాయి. 'మీరు చెప్పండి. నేను వింటాను.'

మూడు నెలలుగా ఇదే వరస. కెమెరా ఆఫ్, మైక్ ఆఫ్. ఇరవై అయిదు నిమిషాలూ ఆమె ఒక్కతే మాట్లాడాలి.

వరంగల్ కాలేజీలో పదకొండేళ్లు ఇంగ్లిష్ చెప్పిన మనిషి. ఈ ఆన్‌లైన్ స్కూల్లో ఆమె పేరు, ఫొటో చూసి జపాన్ వాళ్లు పక్క టీచర్ దగ్గరికి వెళ్లిపోతారు. అమెరికాలో ఉంటే సరిపోదు, అమెరికన్‌లా కనిపించాలి. మొదట్లో ఓ నలుగురు వచ్చి చూశారు. రెండోసారి వచ్చినవాడు మోరి ఒక్కడే.

పాఠం అయిపోయింది. భర్త జితేందర్ తలుపు తోశాడు.

"వాడేనా?"

"వాడే."

"మాట్లాడకుంటే ఇంగ్లిష్ ఎట్లొస్తది వానికి? నీ గొంతు వినడానికే వస్తున్నడేమో. పెళ్లైన కొత్తల నేను గూడ అంతే."

"ఇప్పుడు నేను నోరు తెరిస్తే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటున్నవ్ గదా!"

ఇద్దరూ నవ్వారు. ఎక్కువసేపు నవ్వలేకపోయారు.

కంపెనీ జితేందర్‌ని లేఆఫ్ చేసి అయిదు నెలలు. ఇంట్లోకి వచ్చే జీతం నమ్రతది ఒక్కటే. మూడు వారాల్లో ఆమెకూ రివ్యూ ఉంది. ఇది కూడా పోతే ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

జితేందర్ ఆమె స్కూల్ డాష్‌బోర్డ్ తెరిచాడు.

"ఇదేంది? స్టూడెంట్ టాకింగ్ టైమ్ ఫోర్ పర్సెంట్? రెడ్‌ల ఉన్నది!"

"మోరి మాట్లాడడు గదా. జీరో పడుతది."

"ఇంకేం, వాడే నీ యావరేజ్ ముంచుతున్నడు. ఒక్క రెడ్ నంబర్ చూసే నన్ను తీసేసిన్రు. వాన్ని బ్లాక్ చెయ్యి."

"పాపం జితూ, పెద్దాయనేమో."

"పాపమని రివ్యూల మార్కులెయ్యరు."

నమ్రత మోరి పేరు వెతికి తెరిచింది. బ్లాక్ నొక్కింది.

మోరి సున్నాలు సగటులోంచి తప్పుకున్నాయి. అంకె ఆకుపచ్చగా మారింది. సెలెబ్రేషన్ అంటూ జితేందర్ చాయ్ పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి నమ్రత రోజూ నాలుగింటికి తల దువ్వుకుని కోట్ల మధ్య కూర్చునేది. ఎవరూ రాలేదు.

మూడో వారం ఒసాకా నుంచి కోఆర్డినేటర్ యూకీ వీడియో కాల్ చేసింది.

"క్షమించండి నమ్రత గారూ. మీకు బుకింగ్స్ లేవు. ఈరోజుతో కాంట్రాక్ట్ ముగిస్తున్నాం."

"అదేంటి? టాకింగ్ టైమ్ గ్రీన్‌లోకి తెచ్చాను కదా!"

"దాన్ని మేం చూడం. వంద పాఠాలు పూర్తయితేనే మీ పేరు మొదటి పేజీలోకి వస్తుంది. అప్పుడు స్టూడెంట్స్ వాళ్లంతట వాళ్లే వస్తారు. మీరు తొంభై నాలుగు దగ్గర ఆగిపోయారు. మోరి గారిని ఎందుకు బ్లాక్ చేశారు?"

"ఆయన ఒక్క ముక్క కూడా నేర్చుకోలేదండీ."

"నేర్చుకోవడానికి రాలేదు. ఇండియన్ టీచర్ కొత్తగా చేరితే చాలు, వంద అయ్యేదాకా ఆయన బుక్ చేస్తారు. అయ్యాక మళ్లీ కనబడరు. అలా నిలబడ్డవాళ్లు మా దగ్గర పదిహేడు మంది ఉన్నారు."

నమ్రత స్క్రీన్‌కి దగ్గరగా జరిగింది.

"అన్‌బ్లాక్ చేయండి. ఇంకా ఆరే కదా కావాలి!"

"మీ అకౌంట్ పొద్దున్నే మూసేశారు. నా చేతిలో ఏమీ లేదు."

"ఆ ఒక్క మాట ఆయన నాతో చెప్పొచ్చు కదా? నోరు విప్పితే ఏం పోయేది?"

యూకీ తల దించుకుంది.

"నోరు విప్పితే మీరు యాస పట్టేస్తారని ఆయన భయం. సాయం చేస్తున్నారని తెలిస్తే మీరు నొచ్చుకుంటారట. మోరి అన్నది ఆయన జపనీస్ భార్య ఇంటిపేరు. ఆయన పేరు శేషగిరి, బుకింగ్స్ లేవని మేం మొట్టమొదట తీసేసిన ఇండియన్ టీచర్ ఆయనే."